ఆ ఐదు యాడికి పోయినయ్?

(ఎల్లారెడ్డిలో చేసిన స్మారకోపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడ సరిదిద్దాను.)



సారు పేరు ఈ ఉపన్యాసంలో నేను పలకను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయనను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఆయన పాఠం చెప్పిన ఏ ఊళ్ళోనైనా 'సారు' అంటే చాలు, ఏ సారని ఎవరూ అడగరు. ఈ సాయంత్రానికీ ఆ పిలుపు చాలు.

పది ఫలితాలు పేపర్లో నంబర్లుగా వచ్చే రోజుల్లో జరిగిన సంగతి చెబుతాను. ఒక తల్లి బీడీల చాట చంకన పెట్టుకుని బడికి వచ్చింది. ఆమె బిడ్డ నంబరు పేపర్లో లేదు. తర్వాత మెమో వచ్చింది. లెక్కల్లో పోయింది, మిగతా ఐదింట్లో గట్టెక్కింది. సారు ఆ మాటే నెమ్మదిగా చెప్పారు. ఆమె కాసేపు ఊరుకుని అడిగింది: "ఐదింట్ల పాసైంది గద సారూ, మరి ఆ ఐదు యాడికి పోయినయ్? మేము వెయ్యి బీడీలు చుడితే కార్ఖానల వెయ్యికి లెక్క కడ్తరు, ఎనిమిది వందలే చుడితే ఎనిమిది వందలకు కడ్తరు. మీ బడిల ఐదు చుడితే సున్నానా?"

నేను పక్కనే ఉన్నాను, అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్రవాణ్ణి. సప్లిమెంటరీలో ఆ ఒక్కటే రాస్తే చాలునని, పాసైనవి మళ్ళీ రాయనక్కర్లేదని సారు చెప్పారు. అది నిజమే, కాయితం మీది నిజం. సప్లిమెంటరీ దాకా ఆ పిల్ల ఆగలేదు. ఆ ఎండాకాలంలోనే పెళ్ళి చేసి పంపారు. ఐదు సబ్జెక్టులు ఎక్కడికీ పోలేదు, కాని ఆ పిల్ల బతుకులో వాటిని లెక్కలోకి తీసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ సాయంత్రం సారు ఒక పొడుగు రిజిస్టరు తెచ్చి గీతలు కొట్టారు. ఎవరు తప్పారో రాయడానికి బడిలో వేరే రికార్డులు ఉన్నాయి. ఈ రిజిస్టరు ఎవరు ఏమేమి నెగ్గారో రాయడానికి. పేరు, ఊరు, దాని ఎదురుగా ఆరు గడులు. నెగ్గిన గడిలో తేదీ వేస్తారు. నెగ్గని గడి ఖాళీగా ఉంటుంది. అందులో ఎర్ర సిరా గాని, కొట్టివేత గాని లేదు. ఈరోజు నేను మాట్లాడేదంతా ఆ రిజిస్టరు గురించే.

పది పాసంటే ఏమిటో ముందు లెక్క చెప్పుకుందాం. మూడు భాషలు, లెక్కలు, సైన్సు, సోషల్, మొత్తం ఆరు. వందకు 35 వస్తే పాసు. రెండో భాషకు మాత్రం 20 చాలు, మన పిల్లల్లో ఎక్కువమందికి అది హిందీ. 2014-15లో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక పబ్లిక్ పరీక్షకు 80, ఏడాది పొడుగునా బడిలో చేసే పనికి 20 అని పంచారు. ఒకప్పుడు 11 పేపర్లు రాసేవాళ్ళు, కరోనా తర్వాత సబ్జెక్టుకు ఒక పేపరు చొప్పున తగ్గించారు. 2020లో పబ్లిక్ పరీక్షలు మొదలై మధ్యలోనే ఆగిపోయాయి, 2021లో అసలు జరగలేదు, రెండేళ్ళూ బడిలో వేసిన మార్కులతోనే అందరినీ పై తరగతికి పంపారు. ఆ రెండేళ్ళ పిల్లలు తర్వాత ఇంటరు చదివారు, డిగ్రీ చదివారు. కొంప మునగలేదు.

హిందీకి 20 చాలన్న నిబంధన దగ్గర కాసేపు ఆగుదాం. అన్ని సబ్జెక్టులకూ ఒకే గీత గీయనక్కర్లేదని, కొన్ని మన పిల్లల ఇంటికి దూరమని ప్రభుత్వమే ఒప్పుకుందని దానర్థం. మరి గాంధారి తండా పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిషు మూడోది, హిందీ నాలుగోది. జుక్కల్, మద్నూర్ వైపు ఇంట్లో మరాఠీ, కన్నడం. ఆ దూరాలను ఎవరు కొలిచారు?

ఇంటరుకు వస్తే మొత్తం వెయ్యి మార్కులు. ఎంపీసీకి మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530. బైపీసీకి 440, 560. ఆర్ట్స్ గ్రూపులకు రెండేళ్ళూ చెరి 500. ఇక్కడ ఒక మంచి వెసులుబాటు ఉంది. మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు తప్పినా రెండో ఏడాదిలో కూర్చోనిస్తారు, పోయినవి వెంట మోసుకెళ్ళి రాసుకోవచ్చు. పదికి ఆ వీలు లేదు. ఒక్కటి మిగిలినా కాలేజీ గడప ఎక్కనివ్వరు. పదహారేళ్ళ పిల్ల మీద పెట్టిన నమ్మకం పదిహేనేళ్ళ పిల్ల మీద ఎందుకు పెట్టలేకపోయామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇవన్నీ ఆకాశం నుంచి దిగివచ్చిన నియమాలు కావు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి అప్పుడు నిజామాబాద్ జిల్లాలో తాలూకాలు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, మెట్రిక్ పరీక్ష ఆ రెండో భాషలో. అంత కష్టం కాబట్టే 'మెట్రిక్ ఫెయిల్' అని చెప్పుకోవడం కూడా గౌరవంగానే ఉండేదని మా పెద్దలు అనేవారు. అక్కడిదాకా చదివాడని ఆ మాటకు అర్థం. ఇప్పుడు అదే మాటకు ఏమీ చదవలేదన్న అర్థం వచ్చింది. మాట మారలేదు, మన చూపు మారింది. తర్వాత పీయూసీ వచ్చింది, పోయింది. కొఠారీ కమిషన్ 1964-66లో పది, రెండు, మూడు అన్న మెట్లు చెప్పింది. రెండేళ్ళ ఇంటరు నిలదొక్కుకుంది, 1971లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడింది. ఏడో తరగతికి కూడా ఒకప్పుడు పెద్ద పరీక్ష ఉండేది. మెట్లు ఎన్నిసార్లో మార్చాం. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఆగిపోయిన పిల్ల ఎక్కడ నిలబడాలన్నది మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

టీసీ తీసి చూడండి. తొమ్మిదిలో బడి మానేసిన పిల్లాడి చేతికి మనమిచ్చే కాయితం అదొక్కటే. అందులో తండ్రి పేరుంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉందని కూడా రాస్తాం. తొమ్మిదేళ్ళలో ఆ పిల్లాడు ఏం నేర్చాడో ఒక్క ముక్క రాయం. తెలుగు ధారాళంగా చదువుతాడనీ, భిన్నాలు కూడగలడనీ, పటం చూసి మంజీర ఎటు పారుతుందో చెప్పగలడనీ ఎక్కడా ఉండదు. పుట్టుమచ్చకు ఇచ్చిన చోటు చదువుకు ఇవ్వలేదు. నేను కూడా వందల టీసీల మీద సంతకాలు పెట్టాను. ఈ మాట నన్ను నేను కూడా అడుగుతున్నాను.

పది మెమో ఎందుకంత ముఖ్యమో కామారెడ్డి జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. దుబాయి, సౌదీ, ఖతర్ పోయే ఇళ్ళు ఇక్కడ ఏ ఊళ్ళో చూసినా ఉన్నాయి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పది పాసు కానివాడికి పాస్‌పోర్టులో ఈసీఆర్ అని పడుతుంది. గల్ఫ్ దేశాలతో సహా ఆ జాబితాలోని దేశాలకు పనికి వెళ్ళాలంటే వాడు ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పది పాసైనవాడికి ఆ అక్కర లేదు. చదువుకున్నవాడు తనను తాను కాపాడుకోగలడని చట్టం అనుకుంటుంది. ఐదు సబ్జెక్టులు పాసై ఒక్కటి తప్పినవాడు, బడి ముఖమే చూడనివాడు ఆ కౌంటరు దగ్గర ఒక్కటే. కాంట్రాక్టు కాయితం చదివి అర్థం చేసుకోవడానికి తెలుగు, ఇంగ్లిషు కావాలి. ఆ రెండూ పాసైన కుర్రవాణ్ణి, త్రికోణమితి రాలేదు కనుక తనను తాను కాపాడుకోలేడని తేల్చాం. కాపాడే నిబంధన మంచిదే, దాన్ని తీసేయమని నేననడం లేదు. మనిషి ఏమి చదవగలడో చూసే కొలత కావాలంటున్నాను.

ఇప్పుడు రిజిస్టరు దగ్గరికి వస్తాను. సారు గీతలు కొట్టుకున్న ఆ పద్ధతిని సర్కారు వేరే చోట, వేరే పేరుతో అప్పటికే మొదలుపెట్టింది. ఢిల్లీలో 1979లో సీబీఎస్‌ఈ ఒక ప్రయోగంగా పెట్టిన ఓపెన్ స్కూలు 1989లో స్వతంత్ర సంస్థ అయింది. మన రాష్ట్రంలో 1991లో ఓపెన్ స్కూల్ సొసైటీ వచ్చింది, రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు తనది తనకు ఏర్పడింది. వాళ్ళ పద్ధతి చూడండి. పదికి ఐదు సబ్జెక్టులు. ఒకసారి చేరితే ఐదేళ్ళు, ఆ ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు. ఈసారి రెండు రాయి, వచ్చేసారి ఒకటి రాయి. పాసైనది ఖాతాలో జమ అవుతుంది, ఐదూ నిండిన రోజున సర్టిఫికెట్. వేరే బోర్డులో పాసైన రెండు సబ్జెక్టుల దాకా జాతీయ ఓపెన్ స్కూలు తన ఖాతాలోకి తెచ్చుకోనిస్తుంది. లెక్కల బదులు గృహవిజ్ఞానమో అర్థశాస్త్రమో తీసుకునే వీలుంది. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు.

ఆ బీడీల తల్లి అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. ఆమెకు ఆరోజు ఈ జవాబు చెప్పినవాళ్ళు లేరు. ఆమెకు కాదు, ఎవరికీ చెప్పలేదు. ఓపెన్ స్కూలును మనం దొడ్డిదారిగా చూశాం. 'ఓపెన్ల పాసైండు' అని పెదవి విరుస్తాం. ఒక సంగతి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కింద, నేను పాఠం చెప్పిన ఒక కాలేజీలో, ఓపెన్ మెమో తెచ్చిన ఒక తండా అబ్బాయిని సీట్లు లేవని వెనక్కి పంపాను. సీట్లు ఉన్నాయి. ఆ మెమో మీద నాకు నమ్మకం లేకపోయింది. వాడు చెరకు నరకడానికి తల్లిదండ్రుల వెంట వెళ్తూ, నాలుగు దఫాలుగా రాసి తెచ్చుకున్న మెమో అది. ఏడాదికి కొన్ని నెలలు ఊళ్ళో ఉండని పిల్లాడు అంతకన్నా ఎలా చదువుతాడు? సారుకు తెలిసి నన్నేమీ అనలేదు. రిజిస్టరు తీసి వాడి వరస చూపించారు. నాలుగు రకాల తేదీలు. తేదీకీ తేదీకీ మధ్య ఒక చెరకు కాలం.

ఓపెన్ పరీక్షల పేరు చెడిందంటే కారణం లేకపోలేదు. డబ్బు తీసుకుని చిట్టీలు అందించిన కేంద్రాల గురించి ప్రతి జిల్లాలోనూ విన్నాం. కాపీ కొట్టించినవాడు ఒక పరీక్షను చెడగొట్టడంతో ఊరుకోలేదు, నిజాయితీగా నాలుగు దఫాలు రాసిన ఆ తండా అబ్బాయి మెమో విలువను కూడా దొంగిలించాడు. ఈ విషయంలో నాకు జాలి లేదు. పేదవాడికి తేలిక చేశామనుకుంటూ వాడి కాయితాన్ని చిత్తు చేయడం కంటే పెద్ద అన్యాయం ఉండదు.

అమెరికాలో హైస్కూలు డిప్లొమా కూడా మన ఓపెన్ స్కూలులా జమఖాతా లెక్కనే నడుస్తుంది. మన కామారెడ్డి పిల్లలు కొందరు ఇప్పుడు డాలస్ చుట్టుపక్కల కుటుంబాలతో ఉన్నారు కనుక టెక్సాస్ లెక్క చెబుతాను. డిప్లొమాకు 22 క్రెడిట్లు కావాలి. ఇంగ్లిషు 4, లెక్కలు 3, సైన్సు 3, సాంఘికం 3, వేరే భాష 2, వ్యాయామం 1, కళలు 1, ఇష్టమైనవి 5. వ్యాయామానికీ కళకూ అక్కడ డిప్లొమాలో చోటుంది. మన దగ్గర పదో తరగతి రాగానే ఆటల పీరియడు మాయమవుతుంది. చిత్రలేఖనానికి గ్రేడు వేస్తాం, అది పాసులోకి రాదు. 'వేరే భాష' అన్న ఆ గడిలో మన తెలుగును ఒప్పుకున్న స్కూలు జిల్లాలు కూడా అమెరికాలో ఉన్నాయి. సిలికానాంధ్ర మనబడి వంటివి వారాంతాల్లో నేర్పిన తెలుగు అక్కడ క్రెడిట్ అయింది. ఇక్కడ 2018లో చట్టం చేసి బడుల్లో తెలుగు తప్పనిసరి చేసుకున్నాం. ఆ పిల్లలే ఇంటరుకు రాగానే మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకుంటున్నారు. తల్లి భాషను మార్కుల కోసం వదిలేసిన పిల్లను తప్పుపట్టలేను. తప్పు ఆ మార్కులు పంచిన చేతులది.

అమెరికా పద్ధతిని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. ఆ క్రెడిట్లకు మూలమైన యూనిట్ లెక్క 1906లో కార్నెగీ ఫౌండేషన్ చేతిలో పుట్టింది. ఒక సబ్జెక్టు ఏడాదిలో 120 గంటలు చదివితే ఒక యూనిట్, కాలేజీలో చేరాలంటే 14 యూనిట్లు. ఆ ఫౌండేషన్ అసలు పని కాలేజీ అధ్యాపకులకు పింఛను ఇవ్వడం. పింఛను కావాలంటే ఈ కొలత పాటించాలని కాలేజీలకు షరతు పెట్టారు. పిల్ల నేర్చిందా లేదా అన్నది ఆ కొలతలో లేదు, ఎన్ని గంటలు కూర్చుందన్నది ఉంది.

మనకూ ఇప్పుడు ఆ గాలి వస్తోంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ బడి చదువును కూడా క్రెడిట్లలో కొలవమంటోంది. ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు, అంటే క్రెడిట్‌కు 30 గంటలు. ఎనిమిదో తరగతి, పది, పన్నెండు ఒక్కొక్కటీ ఒక స్థాయి. పేరు పెద్దది, ఉద్దేశం మంచిది. కాని నిజాంసాగర్ ఆయకట్టులో వరి నాట్లప్పుడు బడి మానేసే పిల్ల ఏడాదికి ఎన్ని గంటలు కూర్చోగలదు? గంటలను లెక్కబెట్టే పద్ధతి వస్తే, పేదపిల్ల మళ్ళీ మొదట్లోనే ఓడిపోతుంది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనిలోంచి విడిపించిన పిల్లలకు శిబిరాలు పెట్టి, బడిలో ఏళ్ళు పట్టే పాఠాన్ని నెలల్లో చెప్పి ఏడో తరగతి పరీక్ష రాయించింది. కొలవాల్సింది పిల్లకు ఏమొచ్చిందన్నది. ఎన్ని గంటలు బెంచీ మీద కూర్చుందన్నది కాదు.

ఇంకొక భయం ఉంది. విశ్వవిద్యాలయాల క్రెడిట్ బ్యాంకు నిబంధనల్లో దాచిన క్రెడిట్‌కు ఏడేళ్ళ గడువు ఉంది. ఇంజనీరింగు చదువులో ఆ గడువుకు అర్థం ఉండొచ్చు, పద్ధతులు పాతబడతాయి. బడి చదువుకు ఆ గడువు పెట్టకూడదు. ఇరవై ఏళ్ళ కింద తెలుగు చదవడం నేర్చిన తల్లి ఈరోజు చదవడం మర్చిపోలేదు. ఆమె నెగ్గినదాన్ని వెనక్కి తీసుకునే హక్కు ఏ బోర్డుకూ లేదు.

సారు కోరినవి పెద్ద పనులు కావు. బడి మానేసే ప్రతి పిల్ల టీసీ వెనక పక్క ఏమేమి వచ్చో ఆమె క్లాసు టీచరు నాలుగు వరసలు రాయాలన్నారు. ఫలితాలు వచ్చిన రోజునే, అదే గదిలో, సప్లిమెంటరీ ఫీజు కట్టే బల్ల పక్కన ఓపెన్ స్కూలు బల్ల కూడా వేయాలన్నారు. తల్లి ఏడుస్తూ ఇంటికి పోయాక రేపు రమ్మంటే రాదు. ఎండాకాలం మన ఊళ్ళల్లో పెళ్ళిళ్ళ కాలం. ఆ రెండు నెలల్లో ఒక ఖాళీ గడిని నింపే దారి చూపితే ఒక పెళ్ళి ఆగుతుంది. ఇది ఆయన లెక్కగట్టి చెప్పిన మాట, ఎందుకంటే ఆయన రిజిస్టరులో ఆగిన పెళ్ళిళ్ళూ ఉన్నాయి, ఆగనివీ ఉన్నాయి.

ఆ రిజిస్టరు ఇప్పుడు నా దగ్గర ఉంది. ఇంటివాళ్ళు ఇచ్చారు. మొదటి పుటలో మొదటి పేరు ఆ బీడీల తల్లి బిడ్డది. ఐదు గడుల్లో ఒకే తేదీ, ఆరో గడి ఖాళీ. ఆ అమ్మాయి, ఇప్పుడు అమ్మాయి కాదు, ఇద్దరు పిల్లల తల్లి, ఈ సభలో కూర్చుని ఉంది. పోయినేడు ఓపెన్‌లో చేరింది. ఇన్నేళ్ళయింది కనుక పాత ఐదూ లెక్కలోకి రాలేదు, అన్నీ మళ్ళీ రాస్తోంది. మూడు అయిపోయాయి. లెక్కల బదులు గృహవిజ్ఞానం తీసుకుంటే తొందరగా అయిపోతుందని నేనే సలహా చెప్పాను. వినలేదు. "లెక్కలల్లనే పోయిన సార్, లెక్కలల్లనే పాసైత" అంది. పొద్దున ఫీజు రశీదు తెచ్చి చూపించింది. సారు పెన్ను ఆ రిజిస్టరులోనే పెట్టుకున్నాను.